పడవకు చేతులారా పెట్టిన చిల్లు

చిల్లు పడితే పడవ మునుగుతుంది. రేవులో పుట్టిన పసివాడికైనా ఈ సంగతి తెలుసు. అయినా బరమా చేతబట్టి, కొత్త పడవ అడుగు చెక్కకు వరసగా బెజ్జాలు తొలిచిన వడ్రంగులు ఉన్నారు. సముద్రాన్ని లోపలికి రానివ్వడానికే తొలిచారు. పట్టిన చేప బతికుండాలన్నా, ఎర చేప ప్రాణంతో వేటచోటికి చేరాలన్నా వాళ్ళకు అంతకన్నా దారి లేదు.

రోము నగరానికి పడమటనున్న ఫ్యుమిచీనోలో, 1950ల చివర విమానాశ్రయం కోసం నేల తవ్వుతుంటే క్లాడియస్ చక్రవర్తి కట్టించిన పాత రేవు బయటపడింది. ఆ మట్టిలో దొరికిన పడవల్లో ఒకటి బాగా చిన్నది, అయిదు మీటర్లకు కాస్త ఎక్కువ. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి చేపల పడవ. దాని నడిమధ్యన పెట్టెలాంటి ఒక అర, అర అడుగున బెజ్జాలు, వాటికి చెక్క బిరడాలు. బిరడా లాగితే నీళ్ళు ఉబికి వస్తాయి, బయటి సముద్రమట్టం దాకా లేచి అక్కడే ఆగిపోతాయి. అర గోడలు గట్టిగా ఉన్నంతసేపూ పడవకు భయం లేదు. ఆ మేరకు తేలే బలం పోతుంది, మిగిలిన భాగమే పడవను మోస్తుంది. ఖాళీ చేయాలంటే మాత్రం ముందు బిరడాలు బిగించాలి. బెజ్జాలు తెరిచి ఉంచి రోజంతా తోడినా అర అడుగు కనిపించదు.

అదే శతాబ్దానికి చెందిన మరో రోమన్ ఓడ ఇటలీ ఈశాన్య తీరంలో, గ్రాడో దగ్గర 1986లో దొరికింది. ఊరవేసిన చేపల జాడీలు మోసుకెళ్తూ మునిగిన సరుకు ఓడ అది. దాని వెనుక భాగంలో, అడుగు చెక్కను చీల్చుకుని వెళ్ళే సీసపు గొట్టం ఒకటి ఉంది. బతికున్న చేపల తొట్టెకు నీళ్ళు తోడే పంపు దాని మీద ఉండి ఉంటుందని ఇటలీ పురావస్తు పరిశోధకులు 2011లో ప్రతిపాదించారు. పంపు దొరకలేదు కాబట్టి అది ఊహగానే ఉంది. కానీ సరుకు ఓడ అడుగున ఊరికే చిల్లు పెట్టే వడ్రంగి ఉండడు, అందుకే నాకు ఆ ఊహ మీద నమ్మకం.

డచ్చి వాళ్ళు ఈ బెజ్జాల అరను పెద్దది చేశారు. 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని హార్విచ్ రేవు వాళ్ళ దగ్గర నేర్చుకుంది. అక్కడి చేపల ఓడల్లో ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా, నడుమంతా సముద్రమే. ఉత్తర సముద్రపు లోతుల్లోంచి పైకి లాగిన కాడ్ చేప పొట్టలో గాలితిత్తి ఉబ్బి, చేప వెల్లకిలా తేలిపోయేది. జాలరి సన్నటి సూదితో తిత్తిని గుచ్చి గాలి తీసేవాడు. అప్పుడు చేప మెల్లగా అర అడుక్కి దిగి కుదురుకునేది. లండన్ సంతకు పంపే చేపతో ఓడ థేమ్స్ నదిలో గ్రేవ్‌సెండ్ దగ్గరే ఆగేది. ఇంకా పైకి పోతే బెజ్జాల్లోంచి వచ్చేది ఉప్పునీరు కాదు, చేప బతకదు.

హార్విచ్ వాళ్ళకు చల్లటి నీళ్ళు కలిసొచ్చాయి. పది డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. ముప్ఫై డిగ్రీలకు వచ్చేసరికి అది ఆరు దగ్గరికి పడిపోతుంది. ఆ వెచ్చటి నీటిలో, ముట్టుకుంటేనే పొలుసు రాలిపోయే వేలెడంత చేపను బతికించాల్సి వచ్చింది లక్షద్వీపాల్లోని మినికాయ్ జాలరులకు.

మినికాయ్ వాళ్ళ వేట ట్యూనా. వలతో కాదు, గెడకర్రకు కట్టిన గాలంతో. ముందు పగడపు దిబ్బల నడుమనున్న మడుగులో వల వేసి చిన్న ఎర చేపలు పడతారు. వాటిని పడవ అరలోకి దించి నడిసముద్రానికి పోతారు. ట్యూనా గుంపు కనబడగానే ఒకడు ఆ బతికున్న ఎరను గుప్పెళ్ళతో విసురుతాడు. గుంపు ఎగబడుతుంది. పడవ వెనుక తట్టున వరసగా నిలబడ్డ వాళ్ళు గాలం వేయడం, లాగడం, వెనక్కి విసరడం. గాలానికి ముల్లు ఉండదు, కాబట్టి చేప తనంతట తానే ఊడిపడుతుంది. చచ్చిన ఎర వేస్తే ట్యూనా అంతసేపు నిలవదు. అంటే ఈ వేట మొత్తం ఆ అరలోని నీళ్ళ మీద నడుస్తుంది.

తెరచాపల కాలంలో అక్కడా, పొరుగున మాల్దీవుల్లోనూ ఆ నీళ్ళను మార్చింది మనుషుల చేతులే. అడుగున బిరడాలు తీసి ఉంచి, కొందరు అదే పనిగా తోడి బయట పోసేవాళ్ళు. పైన నీరు తగ్గిన కొద్దీ కింద బెజ్జాల్లోంచి తాజా నీరు ఉబికేది. వాళ్ళు తోడేది పడవను కాపాడుకోవడానికి కాదు, ఎరకు ఊపిరి అందించడానికి. ఎండలో గంటల తరబడి, చెయ్యి ఆపకుండా. ట్యూనా వేట గురించి రాసేవాళ్ళంతా గాలం వేసినవాడి నేర్పును మెచ్చుకుంటారు. ఆ నీళ్ళు తోడినవాడికి అందులో సగం వాటా రావాలని నా అభిప్రాయం.

మన ఉత్తరాంధ్ర తెప్పకు ఈ బాధ లేదు. దుంగల సందుల్లోంచి నీరు ఎక్కుతుంది, దిగిపోతుంది, తోడే పనే ఉండదు. అయితే ఎరను దాచుకునే అర కూడా తెప్పకు లేదు.

అమెరికా పడమటి తీరంలో శాన్ డియాగో ట్యూనా ఓడలు 20వ శతాబ్దంలో ఎర తొట్టెలను పైతట్టుకు ఎక్కించి, మర పంపులతో నీళ్ళు పారించాయి. దాంతో అడుగు బెజ్జం భయం పోయి నెత్తిన బరువు భయం పట్టుకుంది. సగం నిండిన తొట్టెలో నీరు ఒక పక్కకు కొడితే ఓడ కూడా అటే ఒరుగుతుంది. అందుకే తొట్టెను అంచుదాకా నింపి ఉంచాలి. నీరు వచ్చే గొట్టం కన్నా పోయే గొట్టం పెద్దదిగా ఉండాలి. పోయే దారికి చచ్చిన ఎర అడ్డం పడితే పంపు పోసే నీళ్ళు పొంగి ఓడలోకే దిగుతాయి. చిన్న చేపల పడవల్లోనూ ఇప్పటికీ ఇదే లెక్క.

మినికాయ్ పడవలకు 1960ల్లో ఇంజన్లు వచ్చాయి. ఎర అర మాత్రం నడిమధ్యనే ఉండిపోయింది, అడుగు బెజ్జాలతో, బిరడాలతో. వేట ముగిసి ఎర అయిపోయాక బిరడాలు ఒక్కొక్కటే బిగించి నీళ్ళు తోడేస్తారు. అరలో నీరు తగ్గిన కొద్దీ పడవ తేలికపడి పైకి లేస్తుంది, ముక్కు ఊరివైపు తిరుగుతుంది.