బోల్టు బిగింపుకు అంకె ఎలా వచ్చింది?

నేనొక గ్యారేజీ ఆఫీసులో గుమాస్తాను. జాబ్ కార్డులు నింపడం, బిల్లులు రాయడం నా పని. కొన్నేళ్ల క్రితం మా దగ్గర ఒక పాత హైలక్స్ పికప్ ఇంజిన్ విప్పి మళ్లీ కట్టారు. చివర్లో హెడ్ బోల్టులు బిగిస్తుంటే ఒకటి బ్లాకులోనే తెగింది. ఆ ఖర్చు మన జగిత్యాల అన్న జీతంలోంచి కోశారు. పుస్తకంలో 78 ఉంది, ఆయన రెంచి మీద పెట్టింది కూడా 78. మరి తప్పెక్కడ? పుస్తకంలోది న్యూటన్ మీటర్లు, రెంచి మీద ఉన్నది ఫుట్ పౌండ్లు. అంటే మూడో వంతుకు పైగా ఎక్కువ బిగించినట్టు.

ఈ అంకెల వెనుక ఒక చరిత్ర ఉంది సోదరులారా.

ఒకప్పుడు బిగింపంతా చేతి అందాజా మీదే. పానా ఎంత పొడుగు, మనిషికి ఎంత బలం అన్నదే లెక్క. అమెరికాలో కాన్రాడ్ బార్ అనే ఆయన న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసేవాడు. పైపులు కలిపే ఫ్లాంజి బోల్టులు ఒకటి వదులుగా, ఒకటి మరీ గట్టిగా ఉండడం చూసి విసిగిపోయాడు. బిగింపుకు హద్దు పెట్టే పనిముట్టును 1918లోనే తయారు చేశానని ఆయన చెప్పుకున్నాడు. బిగింపును కొలిచి చూపే రెంచికి 1931లో జాన్ షార్ప్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1935లో బార్, జార్జ్ ఫెఫర్లే కలిసి కావలసిన బిగింపు రాగానే శబ్దం చేసే రెంచికి పేటెంటు పొందారు. ఇవాళ మన చేతిలో 'టక్' మనే రెంచి ఆ దారిలో వచ్చిందే.

టార్క్ అంటే ఏమిటి? మీటరు పొడుగు రాడ్ చివర 8 కిలోల బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడే తిప్పుడు బలం 8 కిలో మీటర్లు. అర మీటరు రాడ్ అయితే అదే బలానికి 16 కిలోలు కావాలి. జపాన్ వాళ్ల పాత పుస్తకాల్లో ఈ కిలో లెక్కే ఉండేది. అమెరికాది ఫుట్ పౌండ్ లెక్క. న్యూటన్ అనే పేరును 1948లో అంతర్జాతీయ కొలతల మహాసభ ఒప్పుకుంది. 1960లో వచ్చిన ఎస్ఐ పద్ధతిలో అది చేరింది. ఇన్ని దేశాల బండ్లు ఒకే షెడ్డులోకి వచ్చే గల్ఫ్‌లో ఈ మూడు లెక్కలూ కలిసి మెకానిక్ నెత్తిన పడ్డాయి.

మా హైలక్స్‌లోది టొయోటా 22ఆర్ ఇంజిన్. దాని హెడ్ బోల్టుకు 800 కిలో సెంటీమీటర్లు, 78 న్యూటన్ మీటర్లు, 58 ఫుట్ పౌండ్లు. మూడూ ఒకే బిగింపు. అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చూడకపోతే పని చెడుతుంది.

ఇంకో మాట. మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే హెడ్‌ను పట్టి ఉంచడానికి పనికొస్తుంది. మిగతాదంతా మరలో, బోల్టు తల కింద రాపిడికే పోతుంది. అందుకే మరకు నూనె రాయమన్నారా, పొడిగా ఉంచమన్నారా అన్నది కూడా పుస్తకంలో చూడాలి. పొడి మరకు ఇచ్చిన అంకెతో నూనె రాసి బిగిస్తే బోల్టు హద్దు దాటి సాగుతుంది. చాలా కొత్త ఇంజిన్లలో కొంత టార్క్ పెట్టాక ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. అలా సాగే రకం బోల్టులను మళ్లీ వాడకూడదని పుస్తకం చెబితే కొత్తవి అడగండి.

ఇప్పుడు మా గ్యారేజీలో ఇంజిన్ పని వస్తే, ఆ ఇంజిన్ నంబరుకు సరిపోయే పుస్తకం తీసి, అంకె, దాని పక్కన కొలత పేరు జాబ్ కార్డు మీద నేనే రాసిస్తున్నాను. జగిత్యాల అన్న చదివి, రెంచి చూసి, సంతకం పెడతాడు. ఇంగ్లీషు రాకపోతే సిగ్గుపడకండి అన్నలారా, ఆఫీసులో ఉన్న మావంటి వాళ్లను అడగండి. కోత పడ్డాక ఎవరు తప్పు చేశారని వాదించుకునే కన్నా, ముందే కాగితం మీద ఉండడం మేలు.