బంట్రోతు చెవి

సమాసాలు మనకేం కొత్త కాదు. బళ్లో విగ్రహవాక్యం చెప్పలేక నించున్నవాళ్లమే కదా! డెన్మార్కు వాళ్లకీ ఆ సరదా ఉందని తెలిశాక నాకు వాళ్లమీద కాస్త ఆపేక్ష కలిగింది.

కోపెన్‌హేగెన్‌లో 1863లో గుర్రపు ట్రాములొచ్చాయి. 1972లో ఆఖరి ట్రాము ఆగిపోయింది. పట్టాల గాడిలో పేరుకున్న మురికిని గీకే పనిముట్టుకి వాళ్ల మాట ‘స్పోర్‌వౌన్స్‌స్కిన్నెస్కిట్‌స్క్రాబర్’. ట్రాములు పోయినా మాట మిగిలింది. స్పోర్ అంటే దారి, వౌన్ అంటే బండి. రెండూ కలిస్తే ట్రాము. స్కిన్నె పట్టా, స్కిట్ మురికి, స్క్రాబర్ గీకేది. మన తత్పురుషంలో లాగే అసలు వస్తువు చివరుంది. వౌన్‌కి అంటుకున్న ‘స్’కి అర్థమేం లేదు, మన టుగాగమంలా వట్టి అతుకు. పంక్తి చివర చోటు చాలక మాట విరవాల్సొస్తే ఆ ‘స్’ని ముందు మాటకే ఉంచి విరుస్తారు.

రాతలో ఇంత పొడుగు. నోట్లో అయితే బరువంతా మొదటి ‘స్పోర్’ మీదే. తక్కినవాటిని తేలిగ్గా ఆనించి పోతారు. ఆ బరువు చోటు మారితే అర్థమే మారుతుంది. ‘స్టోర్ మన్’ అని విడివిడిగా, ‘మన్’ని ఒత్తి అంటే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కలిపేసి ‘స్టోర్’ని ఒత్తితే పలుకుబడిగల పెద్దమనిషి, ఆయన బెత్తెడే ఉండనీండి!

దీనికి తోడు గొంతులో చిన్న నొక్కొకటి. దాన్ని ‘స్టోద్’ అంటారు. మామూలుగా ‘హున్’ అంటే ఆమె. నొక్కి అంటే కుక్క. (ఆడవాళ్లం జాగ్రత్తగా వినాల్సిన భాష!) నేల అనే అర్థమున్న ‘లన్’కి విడిగా ఉన్నప్పుడు ఈ నొక్కుంది. ‘లన్‌మన్’ అంటే రైతు. అందులో మొదట చేరగానే ‘లన్’ తన నొక్కు వదిలేస్తుంది, అత్తింట అడుగుపెట్టి ఇంటిపేరు వదులుకున్న కోడల్లా. ‘మన్’ మటుకు తనది దర్జాగా ఉంచుకుంటుంది.

డేనులు దగ్గుతున్నట్టు మాట్లాడతారని పొరుగు స్వీడన్ వాళ్లు 16వ శతాబ్దంలోనే వెక్కిరించారు. వెక్కిరింతకి దొరికిన ఆ నొక్కుని శ్రద్ధగా విని, 1743లో మొదటిసారి వివరించి రాసింది యెన్స్ పెడర్సన్ హోయ్స్‌గోర్. ఆయన పండితుడేమో అనుకునేరు! కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలో బంట్రోతు. దర్బారులో జర్మన్, విద్యావంతులకి లాటిన్ గొప్పగా ఉన్న రోజులవి. ఇంట్లో వంటింట్లో పలికే డేనిష్‌కి ఇన్ని పొందికలున్నాయని లోపల కూర్చున్న ఆచార్యులు చెప్పలేదు, గుమ్మం దగ్గరి మనిషి చెప్పాడు. 1747లో ఒత్తుల లెక్కతో పూర్తి వ్యాకరణమే వేశాడు. 1752లో వాక్యనిర్మాణం మీద మరో పుస్తకం. ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. తరవాత ట్రినిటాటిస్ చర్చిలో గంటలు చూసుకునే ఉద్యోగంలో చేరి, 1773లో కన్నుమూశాడు.