మిరియాల కోసం వచ్చారు, మిరపకాయ తెచ్చారు: మన పెరటి కారం కథ

ఇదిగో, నా పక్కన కుండీలో మిరప మొక్క. పది కాయలున్నాయి. దీన్ని చూస్తే మన మొక్కే అనిపిస్తుంది కదా? ఆవకాయ, గుంటూరు కారం, ఖమ్మం మిర్చి యార్డు... ఇంతకంటే తెలుగుది ఇంకేముంటుంది? కానీ కాకతీయుల ఓరుగల్లులో ఒక్క మిరపకాయ కూడా లేదు. రుద్రమదేవి కాలంలో పోపులో ఎండుమిర్చి వెయ్యలేదు.

మరి కారం ఎక్కడి నుంచి వచ్చేది? ముఖ్యంగా మిరియాల నుంచి. దానికి సాక్ష్యం మన వంటింట్లోనే ఉంది. ధనుర్మాసంలో గుళ్లో పెట్టే కట్టెపొంగలిలో మిరియాలే వేస్తారు. కొన్ని ఇళ్లల్లో తద్దినం వంటకి ఇప్పటికీ మిరపకాయ వాడరు, మిరియాలే వాడతారు. రెండో సాక్ష్యం మన నోట్లోనే ఉంది. మిరియం అన్న పాత పేరు నుంచే మిరప అన్న కొత్త పేరు పుట్టింది. తమిళంలో మిళగు, మిళగాయ్. కన్నడంలో మెణసు, మెణసినకాయి. ప్రతి భాషా కొత్త కాయకి పాత మిరియం పేరే తగిలించింది.

అసలు ప్రశ్న ఇక్కడుంది. అంత గొప్ప మిరియాన్ని ఈ కొత్త కాయ ఎలా ఓడించింది?

బాపట్ల జిల్లా తీరంలో మోటుపల్లి అనే ఊరుంది. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. ఏ సరుకు మీద ఎంత సుంకమో అందులో రాశారు. గంధం, కర్పూరం, ముత్యాలతో పాటు ఆ జాబితాలో మిరియాలూ ఉన్నాయి. అంటే కారం అప్పట్లో సుంకం కట్టి తెచ్చుకునే సరుకు. ఎందుకంటే మిరియం తీగకి మలబారు కొండల్లో ఉండే వాన, నీడ, పాకడానికో చెట్టు కావాలి. కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది. మన ఎండకి, మన మెట్ట నేలల్లో అది కుదిరే పని కాదు.

మిరపేమో మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్లుగా పండుతోంది. 1492లో కొలంబస్ మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరి, అట్లాంటిక్ అవతల ఈ కాయని చూసి ఇదీ ఒక మిరియమే అన్నాడు. 1498లో వాస్కోడగామా మిరియాల కోసమే కాలికట్‌లో దిగాడు. 1510లో పోర్చుగీసు వాళ్లు గోవా పట్టుకున్నారు. ఆ శతాబ్దంలో వాళ్ల ఓడల మీదే మిరప మన దేశానికి చేరింది. మిరియాలు పట్టుకెళ్లడానికి వచ్చినవాళ్లు, మిరియానికి పోటీని వాళ్లే తెచ్చిపెట్టారన్నమాట.

ఇక్కడికొచ్చాక దాన్ని పెంచింది మామూలు జనం. ఒక్క ఎండుకాయలో పదుల కొద్దీ గింజలుంటాయి. పెరట్లో చల్లితే నారు వస్తుంది, మూడు నాలుగు నెలల్లో కాయలు కోసుకోవచ్చు. పక్షులకి కారం తెలీదు కాబట్టి అవీ తిని గింజల్ని ఎక్కడెక్కడో పడేస్తాయి. చేతిలో డబ్బు లేని ఇంట్లో కూడా సంకటిలోకి కారం దొరికింది. ఓడరేవు అక్కర్లేదు, సుంకం అక్కర్లేదు. మిరప గెలిచింది రుచి వల్ల మాత్రమే కాదు, విత్తనం ఖరీదు లేనిది కాబట్టి.

ఇప్పుడు మాత్రం కథ కొంచెం వెనక్కి తిరుగుతోంది. నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో దొరికే విత్తనాల్లో చాలావరకు హైబ్రిడ్లే. కాపు బాగుంటుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ కాయల గింజలు దాచి మళ్లీ వేస్తే తల్లి మొక్కలాంటి మొక్కే వస్తుందని నమ్మకం లేదు. ఏటా మళ్లీ ప్యాకెట్ కొనాల్సిందే. మనకి కుండీలో నాలుగు మొక్కలే కాబట్టి సరదా. ఎకరాల్లో వేసే రైతుకి అది పెద్ద ఖర్చు.

అందుకే మీరు బాల్కనీలో మిరప వేస్తే ఒక్క కుండీలోనైనా సూటి రకం వెయ్యండి. సూటి రకం అంటే హైబ్రిడ్ కానిది. ఊళ్లో అమ్మమ్మ దాచిన గింజలుంటే ఇంకా మంచిది. తెగులు లేని మొక్క ఎంచుకోండి. పక్కన వేరే రకాలుంటే తేనెటీగల వల్ల కలిసిపోతాయి, అందుకని మొగ్గ దశలోనే ఒక కొమ్మకి పల్చటి గుడ్డ సంచి కట్టండి. పిందె పడ్డాక సంచి తీసేసి, ఆ కొమ్మకి గుర్తుగా దారం కట్టండి. కాయ చెట్టుమీదే బాగా ఎర్రబడాలి. తర్వాత కోసి, నీడలో ఆరబెట్టి, గింజలు కాగితం పొట్లంలో కట్టి, పైన రకం పేరు, నెల రాసుకోండి. గింజలు తీశాక కళ్లు మాత్రం నలుపుకోకండి!

ఆ పొట్లంలో సగం పక్కింటివాళ్లకి ఇవ్వండి. 500 ఏళ్లుగా మిరప ఊరి నుంచి ఊరికి నడిచింది ఇలాగే. వచ్చే ఎపిసోడ్‌లో టమాటా కథతో కలుద్దాం.