వెన్నులో ఆగిపోయే కబురు: పొదిలి, కనిగిరి నీళ్ళ చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మన పడమటి ప్రకాశంలో యాభై దాటకుండానే నడుం వంగి, కర్ర ఊతంతో నడిచేవాళ్ళని చాలా ఊళ్ళలో చూస్తాం. ఏమైందంటే "వాతం" అంటారు. కాస్త తెలిసినవాళ్ళు "ఫ్లోరైడు, ఎముకల జబ్బు" అంటారు. అది నిజమే, కానీ సగమే. వాళ్ళలో కొందరి కాళ్ళు పడిపోయేది వెన్నులో నరాల దారి మూసుకుపోయి. ఈ సంగతి రాతలోకి ఎక్కింది మన ప్రాంతం నుంచే.

1930ల్లో ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి (1970లో కలిపారు). అప్పట్లో ఈ జబ్బును ముందు పట్టింది డాక్టర్లు కాదు, రైతులు. కాడి కట్టిన ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం వాళ్ళు గమనించారు. తర్వాత మనుషుల్లోనూ అదే కనబడింది.

మద్రాసు నుంచి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు దీన్ని పరిశీలించి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. షార్ట్ అప్పుడు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. మలేరియా క్రిమి ముందు లివర్‌లో దాక్కుంటుందని తర్వాత తేల్చినవాళ్ళలో ఆయనా ఒకడు. ఎముకల్లో ఫ్లోరైడు చేరే జబ్బు అప్పటికి డెన్మార్క్‌లో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడి చేసే కార్మికుల్లో 1932లో బయటపడింది. అక్కడ ఫ్యాక్టరీ దుమ్ము, ఇక్కడ బావి నీళ్ళు. పేపర్ మీద డాక్టర్ల పేర్లు నిలిచాయి. ఎద్దుల్ని చూసి చెప్పిన రైతుల పేర్లు కూడా ఉండి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇక నరం సంగతి. 1791లో ఇటలీలో గాల్వానీ కప్ప కాలి నరానికి కరెంటు తగిలితే కండ ఎగరడం గురించి రాశాడు. 1850లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో కబురు వేగం కొలిస్తే సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. అంటే ఇది మన ఇంటి తీగలో కరెంటు కాదు, చాలా నిదానం. కారణం 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ చెప్పారు. నరం పొరకి బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. కబురు వచ్చిన చోట పొరలో తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, వెంటనే పొటాషియం బయటికి పోతుంది. ఆ కుదుపుకి పక్క తలుపు తెరుచుకుంటుంది. గుడిసె అంటుకున్నప్పుడు వరసగా నిలబడి నీళ్ళ బిందె చేతులు మార్చినట్టే. కొన్ని నరాల మీద కొవ్వు పొర చుట్టి ఉంటుంది. అక్కడ కబురు గెంతుకుంటూ పోతుంది, లావు నరాల్లో సెకనుకు 100 మీటర్ల దాకా.

మెదడు నుంచి కాలికి వెళ్ళే ప్రతి కబురూ వెన్నుపూసల మధ్య సన్నటి గొట్టంలోంచే దిగాలి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగితే పూసలు మందమవుతాయి, వాటిని కట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. గొట్టం ఇరుకైపోతుంది. లోపలున్న వెన్నుపాము నలుగుతుంది, ముఖ్యంగా మెడ దగ్గర. కొవ్వు పొర దెబ్బతింటుంది, కబురు నిదానిస్తుంది, చివరికి ఆగిపోతుంది. కాళ్ళు బాగానే ఉంటాయి, మెదడూ బాగానే ఉంటుంది. మధ్యలో దారి లేదు.

ఈ నరాల దెబ్బ మీద హైదరాబాద్ న్యూరో సర్జన్ డి. రాజారెడ్డి ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆపరేషన్‌తో ఒత్తిడి తీయొచ్చు గానీ, చాలాకాలం నలిగిన నరం మళ్ళీ పూర్తిగా కోలుకోవడం అరుదు.

మనవాళ్ళకి ఇది ఎందుకు ఎక్కువ ముఖ్యమో లెక్క వేసి చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. నీడలో కూర్చునేవాడు రెండు లీటర్లు తాగితే, ఎండలో కూలి చేసే మన సుగాలి, యానాది, ఎరుకల అన్న ఐదు లీటర్లు తాగుతాడు. బోరు ఒకటే, విషం రెండింతలు దాటి. నల్లమల వాగుల్లో, చెలమల్లో తాగిన చెంచు కుటుంబం కిందికి దిగితే దానికీ బోరే దిక్కు. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. ప్లాంటు నీళ్ళలో తగ్గుతుంది.

కృష్ణ నీళ్ళు తెస్తే ఈ బాధ తగ్గుతుందని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. దానికోసం పోరాడిన పూల సుబ్బయ్య గారి పేరే పెట్టారు. 2024 మార్చిలో సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. అంకితం చేయడం వేరు, మన బిందెలో నీళ్ళు పడటం వేరు.

ఇంట్లో పెద్దవాళ్ళు గడ్డం ఛాతీకి ఆనించలేకపోతున్నా, చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నా, నడుస్తుంటే కాళ్ళు బిగిసి తడబడుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా, "వయసు" అని వదిలేయకుండా నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏ బోరు నీళ్ళు, ఎన్నేళ్ళు తాగారో మీరే ముందు చెప్పండి. ముంజేతికి ఎక్స్‌రే తీయమని అడగండి. అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కి గట్టి గుర్తు. మెడకి ఎమ్మారై అవసరమా అన్నది ఆ తర్వాత డాక్టర్ చెబుతారు.