వెండి ఆకుకు ఈనెలు

కరీంనగర్‌లో ఫిలిగ్రీ, అంటే వెండి తీగల నగిషీ పని చేసే ఒక ఇంటి ముందుగది. చెప్పులు విడిచి లోపలికి రండి, గోడవార కూర్చోండి. పీట మీద పడే వెలుతురుకు మాత్రం అడ్డం రావద్దు.

కొడుకు కమ్మచ్చు అనే రంధ్రాల పలకలోంచి వెండి తీగ లాగుతున్నాడు. ఒక రంధ్రం కన్నా పక్కది సన్నం. లాగేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, మళ్లీ కాచి మెత్తబరచాలి.

"చాలా, బాపూ?"

"ఇంకో బొక్కల గుంజాలె, బిడ్డా."

చాలినంత సన్నమయ్యాక రెండు తీగలు కలిపి పురి పెట్టి, ఆ పురిని చదునుగా నొక్కాడు. ఇప్పుడు దాని అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. నలుసంత పూసలు బారుగా కూర్చినట్టు లేదూ? పురి మలుపులే అలా తళుకుమంటున్నాయి. ఈ పనికున్న అందంలో సగం ఆ అంచుదేనంటాను.

పీట మీద ఆకు తయారవుతోంది. ముందు లావు తీగతో చుట్టుగీత, నడి ఈనె. పెద్దాయన సన్న తీగను శ్రావణంతో చుట్టలు చుట్టి, ఆ మధ్య ఖాళీల్లో ఒక్కొక్కటే ఇరికిస్తున్నాడు. చెట్టు ఆకుకూ ఇదే కట్టుబడి: బరువు మోయడానికి లావు ఈనె, సందులు నింపడానికి సన్న ఈనెలు. చుట్టకు చుట్ట ఒరుసుకుని ఉండాలి. వదులైతే అతుకు పడదు.

వెలిగారం నీళ్లతో తడిపి, టంకం పొడి చల్లాడు. ఊదుగొట్టం అందుకున్నాడు. మంట ఆకు మీద తిరుగుతోంది. వెండి కరిగేది 961 డిగ్రీల దగ్గర, టంకం అంతకు ముందే కరగాలి. పొడి ఒక్కసారి మెరిసి తీగల సందుల్లోకి పాకింది. చటుక్కున మంట పక్కకు జరిగింది! మరో క్షణం ఉంటే సన్న తీగలన్నీ ముద్దయిపోయేవి. వెండి ఎరుపెక్కే తీరును బట్టే ఆ అదను తెలియాలి.

కడిగి, చెక్క దిమ్మె మీద వంచగానే ఆకుకు వంపు వచ్చింది. ఇలాంటివి నాలుగు కలిస్తే చెవులకు అందమైన నగ. ఈకలు విడివిడిగా చేసి అతికితే నెమలి. పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు ఈ తీగలతో కట్టినవే. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అచ్చులో పోసిన నకళ్లూ బజార్లో ఉంటాయి, వాటిలో పురి మసకగా ఉంటుంది. కొనేటప్పుడు తిరగేసి అంచు చూడండి. పురి తేటగా, చుట్టలు కలిసిన చోట అతుకు కనిపిస్తే అది చేతిపని. దాని మజూరీ దగ్గర బేరమాడకండి.