కాలేయానికి పాకే క్యాన్సర్: జన్యు చికిత్సతో అడ్డుకట్ట పడేనా?

పెద్దప్రేగు క్యాన్సర్ సోకినవారిలో అనేకుల ప్రాణాలకు ముప్పు తెచ్చేది ప్రేగులోని కణితి కాదు. అక్కడి నుంచి కాలేయానికి పాకిన వ్యాధి. ప్రేగుల నుంచి వచ్చే రక్తాన్ని కాలేయ నిర్వాహక సిర నేరుగా కాలేయానికి చేరవేస్తుంది. ఆ రక్తంతోపాటు కొట్టుకువచ్చే క్యాన్సర్ కణాలకు తొలి మజిలీ అదే. అయితే చేరిన ప్రతి కణమూ అక్కడ వేళ్లూనదు. విత్తనం మొలకెత్తాలంటే నేల అనుకూలించాలని ఆంగ్ల శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లోనే ప్రతిపాదించారు. ఆ నేలనే ప్రతికూలంగా మార్చడం జన్యు చికిత్స పరిశోధనల్లో ఒక ముఖ్య మార్గం.

ఇటలీలోని మిలాన్ నగరంలో ఉన్న శాన్ రఫేల్ సంస్థ శాస్త్రవేత్తలు ఇందుకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే ప్రోటీన్‌ను ఎంచుకున్నారు. ఇది రోగనిరోధక కణాలను క్యాన్సర్‌పైకి పురిగొల్పుతుంది. కానీ ఇంజెక్షన్ ద్వారా అధిక మోతాదులో ఇస్తే జ్వరం, తీవ్ర నీరసం, రక్తకణాల తగ్గుదల వంటి దుష్ప్రభావాలు తప్పవు. అందువల్ల ఆ ప్రోటీన్ జన్యువును రక్త మూలకణాల్లో చేర్చి, వాటిని ఎలుకలకు మార్పిడి చేశారు. పెద్దప్రేగు క్యాన్సర్ కణాలు కాలేయంలో స్థిరపడటం తగ్గిందని 2016లో వెల్లడించారు. ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించలేని క్యాన్సర్ కణాల విషయంలోనూ ఫలితం కనిపించింది. అంటే చికిత్స ప్రధానంగా పనిచేసింది కాలేయ వాతావరణంపైనే.

లూయిజీ నల్దిని తదితరుల బృందం 2023లో ప్రచురించిన అధ్యయనంలో మూలకణాల మార్పిడి అవసరం లేకపోయింది. వ్యాధి కలిగించకుండా మార్చిన లెంటివైరస్‌ను వాహకంగా చేసి, రక్తనాళం ద్వారా ఎక్కించారు. కాలేయంలోని కుఫర్ కణాలు తదితర స్థూలభక్షక కణాలే ఆ ప్రోటీన్‌ను ఉత్పత్తి చేశాయి. ఎలుకల కాలేయంలో వ్యాధి పెరుగుదల మందగించింది.

ఎలుకల్లో లభించిన ఫలితం మనుషులకు యథాతథంగా వర్తించదు. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, వారసత్వ కాలేయ రుగ్మతపై జరిగిన జన్యు చికిత్స ప్రయోగంలో 18 ఏళ్ల యువకుడు వైరస్ వాహకం రేపిన తీవ్ర రోగనిరోధక ప్రతిస్పందనతో మరణించాడు. అందుకే మోతాదు, భద్రత నిర్ధారణ కాకుండా ముందడుగు వేయరు.

భారత్‌లో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ పరిశోధనల నుంచి వచ్చిన నెక్స్‌కార్19 చికిత్సకు 2023లో అనుమతి లభించింది. రోగి రోగనిరోధక కణాల్లో జన్యుమార్పు చేసే ఆ చికిత్స కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే పరిమితం. కాలేయానికి పాకిన క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ వంటి పద్ధతులే నేటికీ ఆధారం.