పీత్రీపీ: ప్రైవసీ హామీ హెడర్‌లోకి ఎక్కిన కథ

వెబ్ పేజీకి ముందుగా సర్వర్ నుంచి బ్రౌజర్‌కు కొన్ని వరుసలు వెళ్తాయి. పేజీ ఏ రకానిది, ఎంతసేపు దాచుకోవచ్చు వంటి వివరాలు వాటిలో ఉంటాయి. అవే హెచ్‌టీటీపీ హెడర్లు. చదువరి కంటికి కనిపించవు. ప్రైవసీ పాలసీని కూడా ఆ వరుసల్లో చెప్పించడానికి జరిగిన తొలి పెద్ద ప్రయత్నం పీత్రీపీ. దాని పూర్తి పేరు ‘ప్లాట్‌ఫాం ఫర్ ప్రైవసీ ప్రిఫరెన్సెస్’.

1990ల చివరికి కుకీల ద్వారా, అంటే సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార ముక్కల ద్వారా, జనం అలవాట్లను గమనించడం పెరిగింది. సైట్లు పాలసీలు రాసినా, పేజీల కొద్దీ న్యాయభాషను ఓపిగ్గా చదివేవారు తక్కువ. మనిషి బదులు బ్రౌజరే చదివి, అతని ఇష్టాలతో పోల్చి చూస్తే సరిపోతుందన్న ఆలోచన అలా పుట్టింది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీలో లారీ ఫెయిత్ క్రేనర్ నాయకత్వంలోని బృందం దీన్ని రూపొందించింది. 2002 ఏప్రిల్ 16న ఇది అధికారిక ప్రమాణమైంది.

పాలసీకి రెండు రూపాలు ఏర్పడ్డాయి. పూర్తి పాలసీ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉండేది. కుకీలకు సంబంధించిన సంక్షిప్త పాలసీ మూడక్షరాల సంకేతాలుగా హెడర్‌లో వెళ్లేది. ‘ఎన్ఏవీ’ అంటే పేజీల్లో తిరిగిన జాడలు సేకరిస్తామని, ‘ఓయూఆర్’ అంటే సమాచారం తమకోసమేనని, ‘ఐఎన్‌డీ’ అంటే గడువు లేకుండా దాచుకుంటామని అర్థం.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఈ సంకేతాలకు పని కల్పించింది. వేరే సైటు పేజీలో ఇమిడి ఉన్న సైటు సంక్షిప్త పాలసీ పంపకపోతే, దాని కుకీని ఆపేసేది. దాంతో ఆ సైట్లలో లాగిన్‌లు నిలవలేదు. డెవలపర్లకు హెడర్ అత్యవసరమైంది. అపాచీ సర్వర్‌లో మాడ్ హెడర్స్ మాడ్యూల్‌తో ఒక్క వరుస రాస్తే సరిపోయేది. వెబ్‌సైట్లు నిర్మించే సాఫ్ట్‌వేర్ జూమ్లా తన ప్యాకేజీలోనే ఒక పీత్రీపీ ప్లగిన్ ఇచ్చింది. అందులో సంకేతాల వరుస ముందే నింపి ఉండేది.

సౌకర్యంతోపాటు లోపం కూడా అక్కడే ఉంది. మాడ్యూల్ వరుసను పంపగలదు గానీ, ఆ సైటు నిజంగా ఏమేం సేకరిస్తోందో దానికి తెలియదు. ముందే నింపిన వరుసను అలాగే వదిలేస్తే, ఎవరో రాసిన హామీ సైటు యజమాని పేరు మీద వెళ్తుంది. బ్రౌజర్ ఆ మాటను నమ్మడమే తప్ప సరిచూసేది కాదు. 2010లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 33,139 సైట్ల సంక్షిప్త పాలసీలను పరిశీలిస్తే 11,176 సైట్లలో తప్పులు కనిపించాయి. సంకేతాల చోట ‘ఇది పీత్రీపీ పాలసీ కాదు’ అన్న వాక్యాన్ని గూగుల్ పంపుతోందని 2012లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. అలాంటి వాక్యం ఉన్నా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కుకీని అనుమతించేది.

మిగతా ప్రధాన బ్రౌజర్లలో సంక్షిప్త పాలసీ నిలదొక్కుకోలేదు. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 10లో దాన్ని వదిలేసింది. 2018 ఆగస్టులో డబ్ల్యూత్రీసీ ఈ ప్రమాణాన్ని కాలం చెల్లినదిగా ప్రకటించింది. 2021లో విడుదలైన జూమ్లా 4లో ఆ ప్లగిన్ లేదు.

2020లో వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ దారి మార్చింది. ఇక్కడ మాట చెప్పేది బ్రౌజర్: ‘నా సమాచారం అమ్మవద్దు’ అని ఒక హెడర్‌లో తెలుపుతుంది, సైటు పాటించాలి. దీనికి కాలిఫోర్నియా చట్టం అండ ఉంది. ఈ సంకేతాన్ని పట్టించుకోకపోవడం కూడా ఆరోపణల్లో ఒకటైన కేసులో, 2022లో సెఫోరా సంస్థ 12 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. పీత్రీపీ హెడర్‌కు లేని బలం ఇదే.